పక్కతెర వెనక సెజారె

జనవరి 5, ఆదివారం

టోవా పాయో పేటలో ఉన్న మాస్టారి ఇంట్లో ఈరోజు నా నాటకం మొదటి చదువు. పదకొండేళ్ళుగా సింగపూర్‌లోని ఈ తెలుగు నాటక బృందంలో ఉన్నాను. నేను రాసింది నేను చదువుతుంటే అందరూ కూర్చుని వినడం మాత్రం ఇదే మొదటిసారి. గొంతు వణుకుతుందేమోనని ఇంట్లో రెండుసార్లు పెద్దగా చదివి మరీ వెళ్ళాను. వణకలేదు.

నాటకం సెజారె బోర్జియా మీద. మూడేళ్ళ క్రితం ఎవరో మా యూనివర్సిటీ లైబ్రరీకి ఇటలీ చరిత్ర పుస్తకాలు ఒక పెట్టెడు ఇచ్చారు. కేటలాగు చెయ్యమని నా బల్ల మీద పెడితే నేను చదువుతూ కూర్చున్నాను. ఐదువందల ఏళ్ళ క్రితం రోమ్‌లో పోప్ గారి కొడుకు. తండ్రి తొడిగిన మతాధికారి అంగీని ఇరవై రెండేళ్ళకు విప్పి పారేసి కత్తి పట్టాడు. నాలుగేళ్ళలో ఊరి తర్వాత ఊరు గెలిచాడు. ముప్పై రెండు నిండకుండానే, తనది కాని దేశంలో, ఒంటి మీద బట్ట కూడా లేకుండా ఒక వాగు పక్కన చచ్చి పడి ఉన్నాడు. మూడేళ్ళుగా ఈ మనిషి హౌగాంగ్‌లో మా వంటింట్లో తిరుగుతున్నాడు. మా ఆయన తువాస్ షిప్‌యార్డ్ నుంచి రాగానే, "ఇవాళ మీవాడు ఏ ఊరు గెలిచాడు?" అని అడిగి భోజనానికి కూర్చుంటారు.

అందరికీ నచ్చింది. సీతారామారావు మాస్టారు కూడా "బావుందమ్మా" అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఈ దేశంలో తెలుగు నాటకం వేయిస్తున్న మనిషి, ఊరికే అనరు. ఎప్పటిలాగే డైరెక్షన్ ఆయనదే, పోప్ వేషమూ ఆయనదే. సెజారెగా ఉదయ్‌కిరణ్. బ్యాంకులో పనిచేస్తాడు, వరంగల్ అబ్బాయి, ముప్పై నాలుగేళ్ళు. బృందంలోకి వాణ్ణి తెచ్చింది నేనే.

అంతా అయ్యాక మాస్టారు కాఫీ చేతికిస్తూ నెమ్మదిగా అన్నారు.

"సెనిగాలియా దగ్గర తెర దించేద్దామమ్మా. తన మీద కుట్ర చేసినవాళ్ళని విందుకి పిలిచినట్టు పిలిచి మట్టుపెడతాడు చూడు, అక్కడ. కత్తి పైకెత్తుతాడు, చప్పట్లు. ఆ తర్వాత జబ్బులూ జైళ్ళూ ఎందుకు? మనవాళ్ళు సెలవు పూట ఓడిపోయేవాణ్ణి చూడ్డానికి రారు."

ఆ తర్వాత ఉన్నవి మూడు రంగాలు. నాకు నాటకం అంటే ఆ మూడే. "సరే మాస్టారూ" అని కాఫీ తాగి వచ్చేశాను.

జనవరి 6, సోమవారం

కోపం తగ్గలేదు. ట్రైన్‌లో రాస్తున్నాను.

ఒక సంగతి బృందంలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మాస్టారికి మాటలు గుర్తుండటం లేదు. రెండేళ్ళ నుంచీ. మా వాళ్ళందరూ ఆఫీసుల్లో పొద్దుపోయేదాకా ఉండేవాళ్ళే, ఒక్కరూ సంభాషణలు పూర్తిగా బట్టీ పట్టరు. పక్కతెర వెనక మాటలందించే ప్రాంప్టర్ ఉంది కదా అని ధైర్యం. ఆ ప్రాంప్టర్‌ని నేను. కాబట్టి మాస్టారు నాలుగుసార్లు నా వైపు చెవి పెడితే ఎవరికీ వింతగా అనిపించదు. కానీ నాలుగు కాదు. కిందటేడు నాటకంలో ఆయన మాటలు సగానికి సగం నేను అందించినవే. నేను పెదవి కదపగానే ఆయన నోట్లోంచి మాట వచ్చేస్తుంది. ఆ పని నాకు నేర్పింది కూడా ఆయనే. "మాట మర్చిపోయాక అందించడం కాదమ్మాయ్, మర్చిపోబోతుంటే అందించాలి" అని.

అలాంటాయన నా మూడు రంగాలు కొట్టేస్తారట.

జనవరి 8, బుధవారం

నాకు డైరెక్షన్ మీద ఆశ లేదు. తర్వాత ఎవరూ ఏమీ అనకుండా ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జనవరి 16, గురువారం

ఉదయ్ మధ్యాహ్నం మా లైబ్రరీకి వచ్చాడు. ఇద్దరం క్యాంటీన్‌లో మీ గోరెంగ్ అనే వేయించిన నూడుల్స్ తిన్నాం. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపేసి, నా ప్లేటు కూడా వాడే మోసుకొచ్చాడు. మర్యాదలో వాడికి వంక పెట్టలేం.

"అక్కా, గా మూడు సీన్లు పోతే నాకేముంటది? కత్తి లేపి నిలబడుడు ఎవడన్న చేస్తడు. జైల్ల కూసున్నప్పుడు ఉంటది గద, అది చెయ్యాలె నేను."

"మాస్టారితో నువ్వే చెప్పు."

"నేను చెప్తే ఇంటరా? రాసిన మనిషివి నువ్వే డైరెక్షన్ చెయ్యాలె. సార్ పెద్దమనిషి అయిండు. ఇంకెన్ని రోజులు?"

"ఆయనకి ఈమధ్య ఒంట్లో అంత బాగుండటం లేదులే" అని మాత్రం అన్నాను. అది అబద్ధం కాదు కదా. వాడు నూడుల్స్ చుట్టడం ఆపి నా మొహం చూశాడు.

జనవరి 26, ఆదివారం

కమ్యూనిటీ క్లబ్బు గదిలో రిహార్సల్. కమిటీ మొత్తం ఉంది. మాస్టారు రెండో రంగంలో ఆగిపోయారు. నాకు పేజీ దొరకలేదు.

చాలాసేపు ఆగిపోయారు.

జనవరి 27, సోమవారం

తండ్రి కొడుక్కి సైన్యాధిపతి జెండా ఇచ్చే రంగం అది. ఉదయ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. మాస్టారు జెండా కర్ర పట్టుకుని నా వైపు చూశారు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి, పొద్దున వానలో సంచీ తడిసింది. నేను తిప్పుతూనే ఉన్నాను. కమిటీ కుర్చీల్లోంచి భువన సగం లేచింది. ఆమె పక్కన సుధాకరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. మాస్టారు చూస్తూనే ఉన్నారు నన్ను. ఒక నిమిషం అయ్యుంటుంది, రెండు కూడా అయ్యుండొచ్చు. చివరికి ఆయనే జెండా గోడకి ఆనించి, "కాసేపు కూర్చుంటానర్రా" అన్నారు.

ఇంటికొచ్చే దారిలో మా అమ్మాయి అక్షర తన సింగపూర్ ఇంగ్లీషులో అడిగింది. పదహారేళ్ళది, లైట్లు చూసుకోవడానికని రిహార్సల్‌కి వచ్చింది.

"అమ్మా, వై డిడ్న్ట్ యూ సే ద లైన్? పేజ్ ఓపెన్ ఆల్రెడీ వాట్. ఐ సా."

"అది వేరే పేజీ" అన్నాను.

"ఓకే లా" అని చెవుల్లో పాటలు పెట్టుకుంది. పిల్లలు దూరం నుంచి ఏదో చూసి ఏదో అనుకుంటారు.

జనవరి 31, శుక్రవారం

చైనీస్ న్యూ ఇయర్ సెలవుల్లో కమిటీ మాస్టారి ఇంట్లోనే కూర్చుంది. మాది ఐదుగురి కమిటీ. మాస్టారు, నేను, ఉదయ్, భువన, సుధాకరరావు గారు. ఓట్లూ చేతులెత్తడాలూ మా దగ్గర లేవు. మొదటినుంచీ ఒకటే పద్ధతి. అందరూ చెప్పుకోవాల్సింది చెప్పుకుంటారు, చివర్లో పెద్దాయన ఒక పేరు చెప్తారు, అందరూ చప్పట్లు కొడతారు. ఏకగ్రీవం.

ఎవరూ నోరు విప్పకముందే మాస్టారు అన్నారు. "ఈసారి డైరెక్షన్ కాత్యాయని చేస్తుంది. నేను వేషం మటుకు వేస్తాను. నువ్వు అందిస్తావు కదమ్మా?"

చప్పట్లు. నేను తల ఊపాను. సంతోషం దాచుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఆయన ఆరోగ్యానికి ఇదే మంచిది. నేను అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

మూడు రంగాలూ తిరిగి వచ్చాయి!

ఇన్నేళ్ళూ పక్కతెర వెనక స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నదాన్ని ఇప్పుడు గది మధ్యలో నిలబడి "ఆగండి" అంటే పదిహేనుమంది ఆగిపోతున్నారు. ఒక్కసారి అవసరం లేకపోయినా అన్నాను. ఎలా ఉంటుందో చూద్దామని. బావుంది.

సెజారె గెలిచిన ఊళ్ళలో మంచి పాలన పెట్టాడని మొదట్లో నమ్మబుద్ధి కాలేదు నాకు. కానీ దొంగలు తగ్గారు, న్యాయస్థానం పెట్టాడు, జనం పాత దొరలకంటే ఇతనే నయం అన్నారట. అవును మరి. చేతగానివాళ్ళ చేతిలోంచి తీసుకుంటే అది లాక్కోవడం ఎలా అవుతుంది? ఈ ముక్క ఉదయ్‌కి చెప్పాను, పాత్ర అర్థమవడానికి.

ఫిబ్రవరి 15, శనివారం

సుధాకరరావు గారినీ అప్పయ్య గారినీ భోజనానికి పిలిచాను. ఇద్దరూ మాస్టారి కాలం నుంచి ఉన్నవాళ్ళు, సెజారె కింద సేనానుల వేషాలు వాళ్ళవి. ఇద్దరికీ గొంతు లేదు, నడకా లేదు. గుత్తి వంకాయ చేశాను, పప్పుచారు పెట్టాను, పెరుగు గిన్నె దగ్గరికి జరిపాక చెప్పాను, వేషాలు వేరేవాళ్ళకి ఇస్తున్నానని. అప్పయ్య గారు "అలాగేనమ్మా" అని చెయ్యి కడుక్కున్నారు. సుధాకరరావు గారు మాత్రం విస్తట్లో చెయ్యి అలాగే పెట్టుకుని, "ఫోన్‌లో చెప్పేస్తే పోయేది కదమ్మా, ఇంత వంట దేనికి?" అన్నారు.

మర్యాదగా ఉంటుందని పిలిచాను. మర్యాద కూడా తప్పేనా?

అక్షర గిన్నెలు తీస్తూ, "అమ్మా, దిస్ ఈజ్ లిటరల్లీ యువర్ సీన్ ఫైవ్" అంది. సెనిగాలియా రంగం ఐదోది. నవ్వాను. నవ్వు రాలేదు నిజానికి.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఉదయ్ ముప్పావు గంట ఆలస్యం. అందరి ముందూ అడిగాను. "సింగపూర్‌లో అందరికీ ఆఫీసులున్నాయి, నీ ఒక్కడికే కాదు" అన్నాను. ఇంకో రెండు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ రాయక్కర్లేదు. వాడి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. "సారీ అక్కా" అని రంగంలోకి వెళ్ళాడు, చాలా బాగా చేశాడు. రిహార్సల్ అయ్యాక సుధాకరరావు గారితో కలిసి కాఫీ తాగడానికి వెళ్ళాడు. ఈయనకి రిహార్సల్‌లో పనేముంది? వేషం లేదు కదా.

మార్చి 2, ఆదివారం

నాకు తెలియకుండా ఒక ఫోన్ గ్రూపు ఉందట. భువన చెప్పింది. అందులో నేను లేను, భువనని పొరపాటున చేర్చారు.

పదహారో తారీఖున కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. డైరెక్షన్ ఉదయ్‌కి ఇవ్వాలని సుధాకరరావు గారు అందులో పెట్టారు. నేను మనుషుల్ని మనుషులుగా చూడటం లేదట. నాటకం ఏప్రిల్ పన్నెండున. నాలుగు వారాల ముందు డైరెక్టర్‌ని మారుస్తారా ఎవరైనా?

భువన నా వైపు. వాళ్ళిద్దరూ ఒకవైపు. మిగిలింది మాస్టారు. ఎటు తిరిగీ ఆయన చెప్పే పేరే.

ఆ వరంగల్ పిల్లాణ్ణి వేలు పట్టి తెచ్చింది నేను. సెజారె వేషం ఇప్పించింది నేను.

మార్చి 4, మంగళవారం

ఏడో రంగం ఇంట్లో ఒక్కదాన్నే సరిచూసుకున్నాను. తండ్రి పోయాడు, సెజారె జబ్బులోంచి ఇంకా పూర్తిగా లేవలేదు. కొత్త పోప్ ఎవరన్నది తేలాలి. పోటీలో ఉన్న జూలియానో, బోర్జియాల కుటుంబానికి పాత శత్రువు, వాళ్ళ దెబ్బకి పదేళ్ళు పరాయి దేశంలో తలదాచుకున్నవాడు. అతనికి సెజారె చేతిలో ఉన్న మతాధికారుల ఓట్లు కావాలి. "నన్ను గెలిపించు, నీ సైన్యాధిపత్యం నీకే ఉంచుతాను" అని మాట ఇస్తాడు. సెజారె నమ్మి ఓట్లు వేయిస్తాడు. గెలిచిన కొద్ది వారాలకే జూలియానో అతన్ని బంధించి, కోటల తాళాలన్నీ గుంజుకుంటాడు.

ఎంత బుర్ర ఉన్నవాడు! తమ చేతిలో దెబ్బతిన్న మనిషి అదంతా మర్చిపోతాడని ఎలా అనుకున్నాడు? రాసేటప్పుడూ ఇక్కడే కోపం వచ్చేది నాకు, ఇప్పుడూ వస్తోంది. రేపు ఆఫీసు నుంచి సరాసరి మాస్టారింటికి వెళ్తాను.

మార్చి 5, బుధవారం

వెళ్ళొచ్చాను. మనసు కుదుటపడింది.

మాస్టారు బ్లాకు కింద గోడల్లేని ఖాళీ చోట, వాయిడ్ డెక్‌లో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పైకి తీసుకెళ్ళి కాఫీ కలిపారు. తాగాక మళ్ళీ కలిపారు, ఇప్పుడే వచ్చానన్నట్టు. అక్షర ఏం చదువుతోందని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ చెప్పాను. ఇది చూస్తే జాలి వేసింది. జాలితోపాటు ఇంకొకటి కూడా కలిగింది, దాని పేరు నేను రాయను.

నెమ్మదిగా అడిగాను. "మాస్టారూ, జనవరిలో క్లబ్బులో రిహార్సల్ రోజు, జెండా రంగం..."

"ఏ రోజమ్మా?"

"కమిటీ అంతా వచ్చింది చూడండి. మీకు కాస్త ఒంట్లో బాగోక కూర్చున్నారు."

"జెండా రంగం ఇంకా బాగా రావాలమ్మా. ఆ అబ్బాయి చేతులు నాకంటే ముందు చాస్తున్నాడు. ఇవ్వకముందే తీసేసుకునేలా ఉన్నాడు" అని నవ్వారు.

అంతే. ఇంకేమీ లేదు. మర్చిపోయారు.

పదహారో తారీఖు సంగతి చెప్పాను. ఉదయ్ సంగతీ, ఫోన్ గ్రూపు సంగతీ చెప్పాను. ఏడుపు కూడా వచ్చింది, అది నటన కాదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "నాటకం నీదమ్మా. నీ పేరే చెప్తాను. ఎందుకు బెంగ?" అన్నారు. ఒకటికి రెండుసార్లు అడిగి, ఆయన గోడ క్యాలెండర్‌లో పదహారో తారీఖు గడిలో నా పేరు నేనే రాసి వచ్చాను, ఆయనకి గుర్తుండటానికి. ఆయన పక్కనే నిలబడి చూశారు.

ఆయన మర్చిపోయారు. ట్రైన్‌లో వస్తూ ఈ మాటే అనుకుంటూ వచ్చాను. పాపం, మర్చిపోయారు.

మార్చి 15, శనివారం

పొద్దున ఫోన్ చేసి గుర్తు చేశాను. "ఉంది ఉంది, క్యాలెండర్‌లో ఉంది" అన్నారు. భయం లేదు.

మార్చి 16, ఆదివారం

ఉదయ్‌కిరణ్.

నేను కూడా చప్పట్లు కొట్టాను.

మార్చి 18, మంగళవారం

రెండు రోజులు సెలవు పెట్టాను. జ్వరం అని చెప్పాను, నిజానికి లేదు.

ఆదివారం కమిటీలో సుధాకరరావు గారు చెప్పాల్సింది చెప్పుకున్నారు, భువన చెప్పింది. ఉదయ్ మాట్లాడనే లేదు, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను కూడా మాట్లాడలేదు, అవసరం లేదనుకున్నాను. మాస్టారింట్లో నా కుర్చీ ఎదురుగానే క్యాలెండర్, అందులో నా చేతిరాత. మాస్టారు దాన్ని ఒకసారి చూశారు, నన్ను ఒకసారి చూశారు. "ఉదయ్‌కిరణ్ చేస్తాడు" అన్నారు. చాలా స్పష్టంగా అన్నారు. తర్వాత, "అమ్మాయి ఎప్పట్లాగే మాటలు అందిస్తుంది" అన్నారు.

ఆయన పొరపడ్డారు. పేరు మారిపోయింది నోట్లో. నాకిచ్చిన మాట మర్చిపోయారు. అలాంటి జబ్బు అది, ఆయన్ని అని ఏం లాభం? మా ఆయన కూడా అదే అన్నారు, "పెద్దాయన, ఆయనకి ఏం గుర్తుంటుంది" అని.

అక్షర మాత్రం టోస్ట్ తింటూ, "ఆర్ మేబీ హీ నెవర్ ఫర్గెట్ లా" అంది. కసిరాను. గిన్నె కూడా విసిరినంత పని చేశాను. అది తలుపు వేసుకుంది.

మార్చి 23, ఆదివారం

మళ్ళీ పక్కతెర, మళ్ళీ స్టూలు. వెళ్ళకూడదనుకున్నాను. ఉదయ్ ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు రాకుంటే సార్ నిలబడలేడు. నువ్వు నన్ను తిట్టు, ఏమన్న అను, గని రా" అన్నాడు. వెళ్ళాను.

వాడు నాకంటే బాగా చేయిస్తున్నాడు. ఈ వాక్యం రాయడానికి గంట పట్టింది. మూడు రంగాల్లో ఒక్క మాట తీయలేదు. అప్పయ్య గారికి జైలు కాపలాదారు వేషం ఇచ్చాడు, ఒక్క మాటా లేని వేషం. ఆయన తాళంచెవుల గుత్తి పట్టుకుని నడిచిపోతుంటే గదంతా ఊపిరి బిగబట్టింది. ఆ నడకే నేను పనికిరాదన్నది.

మార్చి 29, శనివారం

పేజీ దొరికింది ఆ రోజు.

పేజీ ముందునుంచీ తెరిచే ఉంది. సంచీ తడవలేదు. వాన వచ్చిన మాట నిజం, సంచీ గొడుగు కిందే ఉంది. మాట నా నోటిదాకా వచ్చింది. "జెండా బరువు నీకు తెలియాలి." అంతే, నాలుగు మాటలు. ఆయన నన్ను చూస్తున్నారు, నేను కాగితాలు తిప్పుతున్నట్టు తిప్పాను. భువన లేచినప్పుడు కూడా చెప్పొచ్చు. చెప్పలేదు. కమిటీ మొత్తం చూడాలని చెప్పలేదు.

సిగ్గుగా ఉంది. రెండు నెలలు నా సొంత డైరీకి అబద్ధం చెప్పాను. ఇది చదివేదాన్ని నేనొక్కదాన్నే.

మాస్టారికి చెప్పాలి. ఆయనకి గుర్తు లేకపోయినా చెప్పాలి. నాటకం అయ్యాక చెప్తాను. ముందే చెబితే ఆయన కంగారు పడతారు.

ఏప్రిల్ 6, ఆదివారం

ఫుల్ రిహార్సల్. మాస్టారు ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. మాటలన్నీ ఆయనే చెప్పారు. భువన అంది, రోజూ పొద్దునా సాయంత్రం బ్లాకు చుట్టూ తిరుగుతూ వల్లిస్తున్నారట, కింద కూర్చునే చైనా ముసలాయన కూడా ఒకటి రెండు తెలుగు మాటలు పట్టేశాడట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డెబ్భై రెండేళ్ళ వయసులో, ఆ జబ్బుతో, బట్టీ పట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? నేనున్నాను కదా అందించడానికి.

ఏప్రిల్ 11, శుక్రవారం

నిద్ర లేదు. రేపే.

ఏప్రిల్ 13, ఆదివారం

అయిపోయింది. వరసగా రాయాలి.

నిన్న సాయంత్రం నాలుగింటికి మొదలు. హాలు నిండింది. జెండా రంగంలో మాస్టారు తడుముకోలేదు. ఆ మాట, ఆ నాలుగు మాటలు, ఆయన నోట వచ్చేదాకా నా వేలు ఆ వాక్యం మీదే ఉంది. చెప్పారు. ఉదయ్ జెండా అందుకున్నాడు. సెనిగాలియాకి చప్పట్లు మోగిపోయాయి. మాస్టారు చెప్పింది నిజమే, అక్కడ దించినా నాటకం నిలిచేది.

ఆరో రంగం. పోప్ మంచాన పడ్డాడు, చనిపోబోతున్నాడు. కొడుకూ అదే జ్వరంతో పై గదిలో ఉన్నాడు, కిందికి రాలేడు. రంగస్థలం మీద మాస్టారు ఒక్కరే. ఆరు వాక్యాలు. నాలుగు చెప్పారు. ఐదోది రాలేదు.

నేను వెంటనే అందించాను. మర్చిపోబోతున్నప్పుడే అందించాను, ఆయన నేర్పినట్టే. "పై గదిలో నా కొడుకున్నాడు, పిలవండి."

ఆయన అనలేదు.

వినపడలేదేమోనని కొంచెం గొంతు పెంచాను. ఆయన దిండు మీద తల తిప్పి నన్ను చూశారు. ఆయన కళ్ళలో దీపం వెలుతురు పడుతోంది, బాగా కనిపిస్తున్నాయి. నా మొహం కూడా ఆయనకి కనిపిస్తోంది. మూడోసారి చెప్పాను, మొదటి వరస వాళ్ళకి వినపడేంత గట్టిగా. మాస్టారూ అనండి, అనండి అని లోపల కొట్టుకుంటున్నాను. అవతలి పక్కతెర దగ్గర ఉదయ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. హాల్లో దగ్గు కూడా లేదు. ఆయన అలాగే నన్ను చూశారు, చూసి, కళ్ళు మూసుకున్నారు. ఇంక తెరవలేదు. ఉదయ్ సైగ చేస్తే అక్షర దీపం తగ్గించింది.

పోప్ కొడుకుని పిలవలేక చనిపోయాడనుకున్నారు జనం. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత మిగిలిన రెండు రంగాలూ ఉదయ్ ఎలా చేశాడో నాకు గుర్తులేదు, బాగా చేశాడని అందరూ అంటున్నారు. చివర్లో అతను శత్రువుల మధ్యకి ఒక్కడే గుర్రం తోలుకుంటూ పోయే చోట ఏడ్చారట. రచన ఎవరిదని అడిగి నన్ను స్టేజి మీదికి పిలిచారు. వెళ్ళాను, దండ వేశారు.

గ్రీన్‌రూమ్‌లో మాస్టారు ఒక్కరే అద్దం ముందు కూర్చుని ఉన్నారు. పోప్ గారి టోపీ జుట్టుకి పిన్నులతో బిగించి ఉంది. నేను వెనక నిలబడి పిన్నులు తీయడం మొదలుపెట్టాను. చెప్పాలనుకున్నది చెప్పలేదు. వేరేది అడిగాను.

"వినపడలేదా మాస్టారూ?"

"వినపడిందమ్మా. మూడుసార్లూ వినపడింది."

"మరి?"

ఆయన అద్దంలో నన్ను చూశారు. కోపం లేదు ఆయన మొహంలో. ఉంటే బావుండేది.

"నువ్వందించేది నేననాల్సిన మాటేనా, కాదా అని చూశానమ్మా. ఎంత చూసినా తెలీలేదు. ఇదివరకైతే నువ్వేదంటే అది అనేసేవాణ్ణి."

ఇంకా రెండు పిన్నులు ఉన్నాయి. వాటిని కూడా తీసి బల్ల మీద పెట్టాను.